నేను ముట్టలే మేడం: బడిలో ఫోరెన్సిక్ పాఠాలు చెప్పిన నా అనుభవం

హన్మకొండ నుంచి బస్సులో నలభై నిమిషాలు పోతే వచ్చే ఒక ఊళ్లో, జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను జీవశాస్త్రం చెప్తాను. రెండేళ్ల కింద, పత్తి ఏరే రోజుల్లో, తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి రామప్ప టూర్ కోసం తెచ్చుకున్న ఐదు వందల నోటు బ్యాగులోంచి పోయింది. నేను క్లాసులోకి అడుగుపెట్టేసరికే విచారణ, తీర్పు రెండూ అయిపోయాయి. అందరూ ఒకే పిల్లాడి పేరు చెప్తున్నారు. ఇంటర్వెల్‌లో గదిలో వాడొక్కడే ఉన్నాడు. పైగా అంతకు ముందు ఏడాది ఎవరిదో జామెట్రీ బాక్సు వాడి దగ్గర దొరికింది.

"నేను ముట్టలే మేడం" అన్నాడు. ఒక్కసారే అన్నాడు.

మధ్య బెంచీలోంచి ఒక అమ్మాయి, "బియ్యం మంత్రించి నమిలిపిద్దాం మేడం, మా ఊర్ల గట్లనే పడ్తరు" అంది. ఎవరి నోట్లో బియ్యం పొడిగా మిగిలితే వాళ్లే దొంగ అని నమ్మకం. భయపడితే నోరెండుతుందన్నది నిజమే. కానీ దొంగకు ఎండినట్టే, తనను దొంగంటారేమోనని వణికేవాడికీ ఎండుతుంది. ఆ మాట చెప్పి బియ్యం సంగతి కొట్టేశాను. తర్వాత నేను చేసింది అంతకంటే మంచి పనేమీ కాదు. అందరూ చూస్తుండగా వాడి బ్యాగు నా చేతులతో నేనే తీసి వెతికాను. ఏమీ దొరకలేదు. ఆ నోటు ఎటుపోయిందో ఈ రోజుకూ తెలియదు. వాడు నాలుగు రోజులు బడికి రాలేదు. ఐదో రోజు వచ్చి, అంతకు ముందు రెండో బెంచీలో కూర్చునేవాడు, చివరి బెంచీకి పోయాడు. విడిగా పిలిచి, తప్పు చేశాను నాయనా అన్నాను. తలూపాడు, అంతే.

బియ్యం వద్దన్నదాన్ని, వాటి బదులు ఏం చేయాలో పిల్లలకు చూపించలేకపోయాను. ఎండాకాలం సెలవులంతా అదే మనసులో మెదిలింది. జూన్‌లో బడి తెరవగానే హెచ్‌ఎం సార్ దగ్గరికి వెళ్లి, అదే బ్యాచ్‌కు, అంటే పదో తరగతికి, శనివారం చివరి రెండు పీరియడ్లు కావాలని అడిగాను. ఫోరెన్సిక్ సైన్స్, అంటే నేరాల ఆధారాలను పరీక్షించే శాస్త్రం, చేయించి చూపిస్తానన్నాను. "పదోతరగతి మేడం, సిలబస్ ఉంది" అన్నారు. ఆమ్లాలు, క్షారాలు వస్తాయి, త్రికోణమితి వస్తుంది, దసరా సెలవులకు ముందే ముగిస్తా అని ఒప్పించాను.

ఒకటి మాత్రం ముందే అనుకున్నాను. మా పాఠాల్లో హత్య ఉండదు. ఇట్లాంటి పాఠం అనగానే సుద్దముక్కతో నేల మీద మనిషి ఆకారం గీయడం అందరికీ తోస్తుంది. మా క్లాసులో ఇంటి ముందు పంచనామా జరుగుతుంటే గుమ్మంలో నిలబడి చూసిన పిల్లలున్నారు. పత్తి చేను, అప్పు, పురుగుల మందు. వాళ్ల ముందు ఆ గీత నేను గీయలేను. దొంగతనాలు చాలు అనుకున్నాను, అవి కూడా చిన్నవి.

మొదటి శనివారం ఏసీబీ ప్రయోగం. పేపర్లో "ఏసీబీ వలలో" అన్న వార్త చదవని ఇల్లు మా ఊళ్లో లేదు. చేతులు గులాబీ రంగులోకి ఎందుకు మారతాయో చాలామందికి తెలియదు. లంచంగా ఇప్పించే నోట్లకు ఫినాఫ్తలీన్ అనే పొడి రాసి ఉంటుంది. ఆమ్లాలు, క్షారాల పాఠంలో చుక్కలు చుక్కలుగా వేస్తామే, ఆ సూచికే. పొడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉంటుంది, చేతికి అంటినా కనబడదు. ఆ వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి.

ఫిజిక్స్ సార్ దగ్గర చిటికెడు పొడి తీసుకుని, నోటు సైజులో కత్తిరించిన కాగితాలకు చేతి తొడుగులు వేసుకుని నేనే రాశాను. బట్టలుతికే వాషింగ్ సోడా కొంచెం నీళ్లలో కలిపి ఐదు గాజు గ్లాసుల్లో పోశాను. ఐదుగురు పిల్లల్ని వరండాలోకి పంపి, వాళ్లలో ఒకరు మాత్రం ఆ కాగితాలు తీసి జేబులో పెట్టుకుని రావాలన్నాను. లోపలున్న వాళ్లు దొంగను పట్టాలి.

ముందుగా మా క్లాస్ లీడర్ వేళ్లు ముంచింది. చదువులో మొదటి వరుస పిల్ల. నీళ్లు లేత గులాబీ రంగుకు తిరిగాయి. గది గది అంతా ఒక్కసారిగా "దొరికింది, దొరికింది" అని అరిచింది. ఇంకా నాలుగు గ్లాసులున్నాయని ఎవరికీ గుర్తు లేదు. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "నేను ముట్టలే మేడం" అంది. గొంతు వణికింది.

సరిగ్గా అదే మాట. నాకు చేతులు ఆడలేదు. ఎందుకంటే నాకూ అర్థం కాలేదు. నేను కాగితాలు తీయమని చెప్పింది ఆమెకు కాదు.

అప్పుడు చివరి బెంచీ నుంచి ఆ పిల్లాడు లేచాడు. "ఎవరి చెయ్యన్న ముట్టిందేమో అడుగున్రి మేడం" అన్నాడు.

అడిగాం. కాగితాలు తీసినవాడు వరండాలోంచి వస్తూ సంతోషం పట్టలేక లీడర్ అరచేతిలో చెయ్యి కొట్టాడట. వాడి వేళ్లు ముంచితే నీళ్లు ముదురు గులాబీ అయ్యాయి. నేను వేసుకున్న ప్లాన్‌లో ఇది లేదు. కానీ ఆ ఏడాది నేను చెప్పిన పాఠాల్లో ఇంతకు మించింది లేదు. రెండు వస్తువులు తాకినప్పుడల్లా ఎంతో కొంత అటుదిటు, ఇటుదటు అంటుకుంటుందన్నది ఫ్రాన్స్‌లో 1910లో లియాన్ నగరంలో పోలీసు ప్రయోగశాల పెట్టిన ఎడ్మండ్ లోకార్డ్ పేరుతో చెప్పే సూత్రం. బోర్డు మీద రాద్దామని తయారై వచ్చాను. రాయాల్సిన పనే పడలేదు, లీడర్ అరచేతిలో కనబడుతూనే ఉంది. కాకపోతే అంటిందని తెలుస్తుంది గానీ ఎట్లా అంటిందో ఆ రంగు చెప్పదు. ఏసీబీ కేసుల్లో సైతం చేతుల రంగొక్కటే సరిపోదు. లంచం అడిగినట్టు, తీసుకున్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022లో స్పష్టంగా చెప్పింది. ఆ సంగతి చెప్తుంటే లీడర్ చాలా శ్రద్ధగా రాసుకుంది.

చేతులన్నీ సబ్బుతో కడిగించాక, ఆ రోజే నోటుబుక్కులో పేజీ మధ్యన గీత కొట్టించాను. ఎడమ పక్క "ఏం కనబడింది", కుడి పక్క "దాంతో ఎంత చెప్పగలం". దసరా దాకా ప్రతి ప్రయోగం ఆ రెండు గడుల్లోనే రాశాం. ఎడమ గడి పిల్లలు రెండు నిమిషాల్లో నింపేవాళ్లు. కుడి గడి దగ్గర కొట్లాటలయ్యేవి.

వేలిముద్రలకు మూడు శనివారాలు పట్టాయి. పిల్లలకు కొంత ముందే తెలుసు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు వేళ్లు పట్టుకుని శంఖాలెన్ని, చక్రాలెన్ని అని లెక్కపెట్టి జాతకం చెప్తారు కదా. "నాకు ఏడు చక్రాలున్నయి మేడం, రాజయోగమట" అన్నాడొకడు. చక్రాన్ని వర్ల్ అంటారని, శంఖాన్ని లూప్ అంటారని, రెండూ కాకుండా చిన్న గుట్టలా లేచి దిగేదాన్ని ఆర్చ్ అంటారని చెప్పాను. తెల్లకాగితం మీద పెన్సిల్‌తో దట్టంగా రుద్ది, ఆ నలుపు మీద వేలు అద్ది, దాని మీద సెల్లోటేప్ అంటించి తీసి, తెల్ల కాగితం మీద అతికిస్తే ముద్ర అచ్చుగుద్దినట్టు వస్తుంది. అందరివీ చూస్తే శంఖాలే ఎక్కువ, చక్రాలు తర్వాత, ఆర్చ్‌లు ఒకటీ అరా. లోకంలో చాలాచోట్ల అదే వరుస. రాజయోగం మాట అక్కడితో ఆగింది.

మనిషిని గుర్తుపట్టడం శంఖం, చక్రంతో కాదు, గీతల మధ్య తేడాలతో. భూతద్దం కింద చూస్తూ ఒక పిల్ల "దున్నిన చాళ్ల లెక్కనే ఉంది మేడం" అంది. నిజంగానే అట్లాగే ఉంటుంది. ఒక చాలు మధ్యలో ఆగిపోతుంది, ఒకటి రెండుగా చీలుతుంది, రెండింటి మధ్య ఒక చిన్న ముక్క ఇరుక్కుంటుంది. ఆ చోట్లను ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టించాను. తల్లి కడుపులో నాలుగు నెలలు నిండేలోపే ఆ చాళ్లు ఏర్పడతాయి. ఎనిమిదో తరగతిలో అచ్చం ఒకేలా ఉండే కవల అక్కచెల్లెళ్లు ఉంటే పిలిపించి ముద్రలు తీశాం. డీఎన్‌ఏ పరీక్ష మామూలుగా వేరు చేయలేని వాళ్లను బొటనవేలు వేరు చేసింది. ఆ పిల్లలిద్దరూ తమ కాగితాలను పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసుకున్నారు.

స్టీలు గ్లాసు మీద కనబడని ముద్ర తీయడం మాత్రం ఏడిపించింది. పెన్సిల్ ముల్లును గరుకు కాగితం మీద అరగదీసి పొడి చేశాం. డ్రాయింగ్ బ్రష్‌తో అద్దితే ముద్ర కాస్తా చెరిగిపోయి మసి మిగిలింది. రెండో వారం ఒక పిల్లాడు ఇంటి నుంచి కోడి మెత్తటి ఈకలు కట్టగా కట్టి తెచ్చాడు. గ్లాసుకు తగిలీ తగలనట్టు తిప్పితే చాళ్లు ఒక్కొక్కటే నల్లగా లేచాయి. పోలీసుల కిట్లలోనూ ఈకల బ్రష్‌లుంటాయని చెప్తే వాడి భుజాలు కొంచెం వెడల్పయ్యాయి. సబ్బుతో అప్పుడే చేతులు కడుక్కున్న వాళ్ల ముద్రలు రాలేదు. ముక్కు పక్కన రుద్దుకుని మళ్లీ పట్టుకోమంటే వచ్చాయి. నల్లటి వస్తువుల మీద పెన్సిల్ పొడి బదులు ముఖానికి రాసుకునే టాల్కం పౌడర్ వాడాం.

ఇంట్లో వాళ్ల ముద్ర తెమ్మంటే ఒక అమ్మాయి నాయనమ్మది తెచ్చింది. కాగితం మీద నల్లటి మచ్చే ఉంది, గీత లేదు. మూడుసార్లు తీసిందట. "రేషన్ షాపుల మిషన్ గూడ తీసుకోదు మేడం, కన్ను సూసి ఇస్తరు" అంది. ఆ ముసలమ్మ అరవై ఏళ్లు కలుపు తీసింది, పత్తి ఏరింది, బూడిదతో గిన్నెలు తోమింది. పై చర్మం మీద చాళ్లు అరిగిపోయాయి. లోపలి పొరలో అచ్చు ఉంటుంది, చేతులకు విశ్రాంతి దొరికితే మళ్లీ పైకి వస్తుంది. విశ్రాంతి ఎక్కడిది? ఆ అమ్మాయి కుడి గడిలో ఇట్లా రాసింది: "ముద్ర రాలేదు అంటే ఆమె ముట్టలేదు అని కాదు." నేను పేజీ మూసి మళ్లీ తెరిచి ఇంకోసారి చదువుకున్నాను.

వేలిముద్రలంటే ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో పుట్టాయని పిల్లలు అనుకున్నారు. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి రోడ్డు కంకర కాంట్రాక్టు కాగితం మీద రాజ్యధర్ కోనాయ్ అనే ఆయన అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు, ప్రపంచంలో అదే మొదటిది. వేలకొద్దీ ముద్రల్లోంచి ఒకటి వెతికి తీసే లెక్కను కట్టడంలో అక్కడ పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల కష్టం ఎంతో ఉంది. పేరు మాత్రం వాళ్ల అధికారి హెన్రీకి దక్కింది. ఈ పేర్లు నేను రెండుసార్లు రాయించాను. 2004లో స్పెయిన్‌లోని మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలినప్పుడు ఒక ప్లాస్టిక్ సంచి మీద దొరికిన ముద్ర ఒక అమెరికా లాయరుదేనని అక్కడి దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తేల్చి, ఆయన్ను రెండు వారాలు నిర్బంధించి, చివరికి తప్పయిందని ఒప్పుకున్న సంగతీ చెప్పాను. అంత పెద్ద సంస్థ నిపుణులు కూడా కుడి గడిలో ఎక్కువ రాసేశారు.

పిల్లల ముద్రలు నేను దాచుకోలేదు. వేలిముద్రతో బ్యాంకు డబ్బులు తీసే కాలమిది. ఎవరివి వాళ్లకిచ్చి, మిగిలినవి స్కూలు వెనక కాల్చేశాను. ఎవరైనా ఈ ప్రయోగం చేయిస్తే దయచేసి ఇది మర్చిపోవద్దు.

రక్తపు చుక్కల పాఠానికి రక్తం అక్కర్లేదు. పసుపులో సున్నం వేస్తే ఎర్రనీళ్లవుతాయి, దిష్టి తీసేవే. అందులో కొంచెం బెల్లం పాకం కలిపి చిక్కగా చేశాను. ముందుగా ఆ నీళ్లలో నిమ్మరసం పిండి, ఎరుపు మళ్లీ పసుపవడం చూపించాను. అటు తర్వాత మందారపూలు రుద్దిన కత్తితో నిమ్మకాయ కోసి ఎర్రటి రసం కార్చి చూపించాను. బాణామతి, చేతబడి అంటూ ఆడవాళ్లను కొట్టిన వార్తలు మన వైపు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. మంత్రమని నమ్మించే ఆ నిమ్మకాయ పిల్లల చేతుల్లో కోయించాలని నాకు చాలాకాలంగా ఉంది. ఆ రోజు ప్రతి ఒక్కరితో కోయించాను.

నున్నటి పాత క్యాలెండర్ కాగితం వెనక వైపు అట్టకు అంటించి, అట్టను ఏటవాలుగా పెట్టి, పైనుంచి డ్రాపర్‌తో చుక్క వేయాలి. చుక్క సాగి కోడిగుడ్డు ఆకారంలో పడుతుంది. వెడల్పును పొడవుతో భాగిస్తే వచ్చేది చుక్క పడిన కోణానికి సైన్ విలువ. కోణమానినితో అట్టను నేలకు అరవై డిగ్రీల్లో పెట్టారు. కొలిస్తే వెడల్పు ఆరు మిల్లీమీటర్లు, పొడవు పన్నెండు. సగం, అంటే ముప్పై డిగ్రీలు. "సూత్రం తప్పు మేడం" అన్నారు. మళ్లీ వేశారు, మళ్లీ దాదాపు ముప్పయ్యే. లెక్కల సార్‌ను పిలుచుకొచ్చారు. ఆయన ఒక్క మాట కూడా చెప్పకుండా స్కేలును చుక్క పడే దారిలో నిలువుగా పట్టుకుని, "కోణం దేనికీ దేనికీ మధ్య?" అని అడిగి నిలబడ్డారు. గది నిశ్శబ్దం. ముందు వరుసలో ఒక పిల్ల "నేలకు కాదు సార్, కాగితానికి, చుక్క వచ్చే తోవకు" అంది. నేలతో అరవై అయితే నిలువు దారితో ముప్పై. పుస్తకంలో గోడకు ఆనించిన నిచ్చెనలు, జెండా కర్రల నీడలతో విసిగిన పిల్లలు ఆ సాయంత్రం బెల్లు కొట్టినా లేవలేదు.

అన్నీ ఇంత బాగా జరగలేదు. కాలిముద్రకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మొదటిసారి నీళ్లెక్కువై గట్టిపడలేదు. రెండు పాళ్ల పొడికి ఒక పాలు నీళ్లు పోస్తే కుదిరింది. గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది కాబట్టి అందులో చెయ్యి పెట్టనివ్వకూడదు. నల్ల స్కెచ్ పెన్ను గీత గీసిన సుద్దముక్కను నీళ్లలో నిలబెడితే నలుపు విడిపోయి నీలం, గులాబీ, పసుపు పైకి పాకాయి. బాల్ పెన్ను సిరా నీళ్లకు కదలదు, స్పిరిట్ కావాలి. అరటిపండును ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో పిసికి, వడపోసి, చల్లటి స్పిరిట్ పోస్తే తెల్లటి పోగుల్లా డీఎన్‌ఏ తేలింది. మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ గారు ఈ దేశంలో డీఎన్‌ఏ వేలిముద్రల పనికి పునాది వేశారని చెప్పాను.

ఒక శనివారం, నేరం జరిగిన చోట ఆధారాలు సేకరించే పోలీసు క్లూస్ టీంలో పనిచేసి రిటైరైన ఒకాయన వచ్చారు. ఏవో యంత్రాలు తెస్తారని పిల్లలు ఎదురుచూశారు. ఆయన తెచ్చింది కాగితపు కవర్లు, లక్క, దారం. "మా పని చేతులు జేబులో పెట్టుకోవడంతో మొదలైతది" అన్నారు. ముందు ఫొటో, పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫొటో, ఆ తర్వాతే ముట్టడం. తడిసిన బట్టను ప్లాస్టిక్ సంచిలో పెడితే బూజు పట్టి పాడవుతుంది, నీడన ఆరబెట్టి కాగితపు కవర్లోనే పెట్టాలి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు మారిందో రాయకపోతే కోర్టులో ఆ వస్తువు పనికిరాకుండా పోవచ్చు. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఏడేళ్లు, అంతకు పైబడి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరం జరిగిన చోటికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, ఇప్పుడప్పుడే కాకపోయినా రాష్ట్రాలు ఐదేళ్లలోపు అమలు చేయాలి అన్నారు. ఇద్దరు పంచులను, అంటే సాక్షులను, పెట్టి, భూతద్దం జప్తు చేస్తూ పంచనామా రాయించారు. మా పిల్లలు అంత కుదురైన చేతిరాతతో రాయడం నేనెప్పుడూ చూడలేదు.

దసరాకు ముందు చివరి కేసు. ల్యాబులో మైక్రోస్కోప్ లెన్సు పోయింది. అనుమానితుల్లో అటెండర్ పేరు పెడదామని ఒక టీచర్ అన్నారు. వద్దన్నాను. ఆటకైనా సరే, పేదవాళ్ల మీద పడ్డ మాట ఊళ్లో ఊరికే పోదు. లెక్కల సార్, తెలుగు మేడం, పీఈటీ సార్, నేను నలుగురం నిలబడ్డాం. తీసింది తెలుగు మేడం. స్టీలు గ్లాసు మీద సగం ముద్ర, స్కెచ్ పెన్నుతో రాసిన చీటీ, పూలమొక్కల మడిలో కాలిముద్ర, వరంగల్ కొత్తవాడ జంపఖానాలోంచి ఊడిన ఎర్ర నూలు పోగు. ఇవీ ఆధారాలు.

ఐదు గ్రూపుల్లో మూడు తెలుగు మేడం పేరు రాశాయి. ఒక గ్రూపు ఎవరి పేరూ రాయలేదు. "పోగు జంపఖానాదే. ఆ జంపఖానా మీద స్టాఫ్ అందరూ కూర్చుంటారు. ముద్రలో మూడు చోట్లే కలిశాయి. కాలి కొలత ఇద్దరికి సరిపోతుంది. మేడం అని చెప్పలేం, కాదని చెప్పలేం" అని రాసి, మార్కులు తగ్గిస్తారేమోనన్న భయంతో నా ముఖం చూశారు. పూర్తి మార్కులు వేశాను.

చివరి బెంచీ పిల్లాడున్న గ్రూపు తెలుగు మేడం పేరే రాసింది. దాని కింద అతని చేతిరాతలో ఒక లైను ఉంది. "ముందుగాల మేడంను పక్కకు పిలిచి అడగాలె."

తెలుగు మేడం ఆ కాగితం అందుకుని రెండుసార్లు చదివింది. పెన్ను తీసి ఆ లైను కింద "అడిగారు. నేనే తీశాను" అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి, అతని చేతికే ఇచ్చింది.